అత్యుత్సాహం: ఉత్సాహం మంచిదే కదా, మరి ఇది తిట్టెందుకైంది?

పుల్లట్టు:
పేపర్ తీస్తే చాలు "పోలీసుల అత్యుత్సాహం", "అభిమానుల అత్యుత్సాహం" అని ఏదో ఒక హెడ్డింగ్. మా అమ్మాయి ఎనిమిదో క్లాసు, ఉత్సాహం మంచిదే కదా నాన్నా, ఇంకాస్త ఎక్కువైతే తిట్టెలా అయిందీ అనడిగింది, నాకు చెప్పడం రాలేదు. అత్యుత్తమం, అత్యవసరం తిట్లు కావు కదా మరి? ఆ "త్యు" ఏంటో కూడా చెప్పండి ప్లీజ్.

గోదారోడు:
త్యు సంగతి ఈజీనండి, యణాదేశ సంధి. అతి + ఉత్సాహం, ఇ పక్కన వేరే అచ్చొస్తే ఇ పోయి య వస్తుంది. అత్యాశ కూడా అంతే. కొందరు "అతిఉత్సాహం" అని రాస్తారు, చూస్తే ఒళ్ళు మండుద్దండి. ఇక "అతి"కి రెండర్థాలు, ఒకటి చాలా అని, ఇంకోటి హద్దు దాటి అని, అతిక్రమించడంలో ఉన్నది ఆ రెండోదే. ఉత్తమానికి హద్దేముందండి, ఎంతున్నా మంచిదే. ఆశకీ ఉత్సాహానికీ మాత్రం ఓ గీత ఉంటుంది.

పాతపుస్తకం:
ఉత్సాహం అసలు చిన్న మాట కాదు. సహనంలో ఉన్న సహ్ ధాతువే ఇందులోనూ ఉంది, తట్టుకోవడం, నెగ్గడం అని. నాట్యశాస్త్రంలో వీరరసానికి స్థాయీభావం, అంటే ఆ రసానికి మూలమైన స్థిరభావం ఇదే, రాజుకుండాల్సిన మూడు శక్తుల్లో ప్రభుశక్తి (ఖజానా, సైన్యం బలం), మంత్రశక్తి (ఆలోచన బలం) పక్కన ఉత్సాహశక్తి. మనం బర్త్‌డే పార్టీకి వాడేస్తున్నాం అనుకోండి. "ఉత్సాహ" అని పద్యం కూడా ఉంది, పాదానికి 7 సూర్యగణాలు, చివర ఒక గురువు, పైకి చదివితే గుర్రం పరిగెత్తినట్టే.

ఓరుగల్లు పోరడు:
అన్నా, మా దిక్కు అత్యుత్సాహం అని ఎవ్వలంటరు, "వాడు బాగ ఎక్కువ జేస్తుండు" అంటరు, లేకుంటే ఓవరాక్షన్. సారు గేటు కాడ చెప్పులు ఇడువుమని చెప్తే వాచ్‌మన్ ముసలాయన చేతికర్ర గుడ ఇడువుమన్నడు, గదీ సంగతి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడు.

పుల్లట్టు:
హహ, థాంక్స్ అందరికీ. అయితే "రాజును మించిన రాజభక్తి" అన్నా ఇదేనా?

పాతపుస్తకం:
దగ్గరిదే కానీ ఒకటి కాదు. రాజభక్తి అంటే పైవాడి మెప్పు కోసం. ఫ్లెక్సీ కట్టడానికి కరెంటు స్తంభం ఎక్కే ఫ్యాన్‌ని ఎవరడిగారు, ఏ హీరో చూస్తున్నాడు? అది అచ్చంగా అత్యుత్సాహం. అన్నట్టు ఫ్యాన్ అనేది ఫెనటిక్‌కి షార్ట్‌కట్, దానికి మూలం లాటిన్‌లో గుడి అనే మాట.

ఓరుగల్లు పోరడు:
అందుకేనా కటౌట్లకు పాలు పోస్తరు 😂