హారతి కర్పూరం చెట్టుదా, ఫ్యాక్టరీదా?

పటమట_పాఠకుడు:
విజయవాడ వన్‌టౌన్ పూజాసామగ్రి కొట్లలో మామూలు బిళ్లల పక్కనే ‘సహజ భీమసేని’ అని రాసిన పలుకులు అమ్ముతున్నారు, ధర బాగా ఎక్కువ. నా వాదన ఇది: మనం వెలిగించే కర్పూరంలో చాలావరకు కర్పూరం చెట్టు మొహం చూడనిదే, టర్పెంటైన్‌తో ఫ్యాక్టరీలో చేసిందే. దాన్ని ప్రకృతిసిద్ధం అనడం మోసం. కాదనేవాళ్లు కారణంతో చెప్పండి.

బ్రాడీపేట_కెమిస్ట్రీ:
సగమే ఒప్పుకుంటాను. టర్పెంటైన్ పెట్రోలు బావిలోంచి రాదండీ. పైన్ చెట్టుకి గాటు పెడితే కారే బంకను బట్టీ పడితే వచ్చే నూనె అది. అందులోని ఆల్ఫా పైనీన్‌ని ఆమ్లం పట్టించిన టైటానియం డయాక్సైడ్‌తో వేడిచేస్తే క్యాంఫీన్ అవుతుంది. దానికి ఎసిటిక్ ఆమ్లం చేర్చి, తర్వాత క్షారంతో విడగొడితే ఐసోబోర్నియోల్. రాగి ఉత్ప్రేరకం మీద దాన్నుంచి హైడ్రోజన్ తీసేస్తే కర్పూరం. మధ్యలో చేరిన ఎసిటిక్ ఆమ్లం మధ్యలోనే వెళ్లిపోతుంది. కర్పూరంలో ఉండే 10 కార్బన్లూ పైన్ చెట్టు గాలిలోంచి పట్టుకున్నవే. చెట్టు కార్బన్‌నీ పెట్రోలు కార్బన్‌నీ వేరు చేసే కార్బన్-14 పరీక్ష చేయించినా జీవమూలమనే వస్తుంది. మరి మోసం ఎక్కడ?

కృష్ణలంక:
ఆ లెక్కన రేయాన్ కూడా చెట్టు గుజ్జు నుంచే వస్తుంది, దాన్ని పత్తిబట్ట అని అమ్మితే ఊరుకుంటామా? కార్బన్ ఎక్కడిదన్నది ఒక ప్రశ్న, అణువును ఎవరు కట్టారన్నది వేరే ప్రశ్న. కర్పూరం అణువుకు కుడిచెయ్యి, ఎడమచెయ్యిలా ఒకదానికొకటి అద్దంలో బొమ్మలైన రెండు రూపాలున్నాయి. కర్పూరం చెట్టులో ఎంజైములు కుడివాటం అణువునే కడతాయి. ఫ్యాక్టరీలో ఆమ్లం దెబ్బకి క్యాంఫీన్ దశలోనే కుడీ ఎడమా కలిసిపోతాయి. ఈ తేడా కొలిస్తే దొరుకుతుంది.

బ్రాడీపేట_కెమిస్ట్రీ:
కొలత మాట నిజమే, దాన్ని కాదనను. ఫార్మసీ కాలేజీల్లో పోలారిమీటర్ ఉంటుంది. ద్రావణం ధ్రువిత కాంతిని ఎన్ని డిగ్రీలు తిప్పుతుందో అది కొలుస్తుంది, ఆ తిప్పడాన్నే భ్రమణం అంటారు. కుడీ ఎడమా సమంగా కలిస్తే భ్రమణం రద్దవుతుంది. 1 గ్రాము కర్పూరాన్ని ఇథనాల్‌లో కరిగించి సరిగ్గా 10 మి.లీ.కి తెచ్చి, 10 సెం.మీ. గొట్టంలో చూడాలి. చెట్టుదైతే దాదాపు +4.1 నుంచి +4.4 డిగ్రీలు, టర్పెంటైన్‌దైతే సున్నా దగ్గర. +2 వస్తే సగం సగం కలిపారని అనుమానించొచ్చు. తూచేటప్పుడు మూత తీసి ఉంచితే సరుకు ఆవిరై లెక్క తప్పుతుంది, గొట్టంలో బుడగ ఉన్నా అంతే.

ఒక్క చిక్కుంది. కర్పూరానికి దగ్గరి చుట్టమైన బోర్నియోల్ అనే పదార్థం కూడా ఇదే కొలతలో దాదాపు +3.7 డిగ్రీల భ్రమణం చూపిస్తుంది, కర్పూరం విలువకి దగ్గర్లోనే. అందుకే ద్రవీభవన స్థానం కూడా చూడాలి: కర్పూరం 175-180 సెల్సియస్, బోర్నియోల్ 206-208. సరుకు వేసే సన్నని గాజుగొట్టాన్ని (కేశనాళికను) రెండువైపులా మూసెయ్యాలి. లేకపోతే కరిగేలోపే ఎగిరిపోతుంది.

అరండల్‌పేట_వాసి:
ఇంట్లో చేసుకునేది చెప్పండి సార్. పొగ రాకుండా మండితే అసలుదంటారు కదా?

కృష్ణలంక:
సరిగ్గా తలకిందులు. స్వచ్ఛమైన కర్పూరం మసి కడుతుంది, ఆ మసితోనే కాటుక చేసేవాళ్లు. పొగ లేకుండా మండే తెల్లబిళ్ల హెక్సమీన్ (పొయ్యి బిళ్లల్లో వాడే రసాయనం) కావచ్చు. అది నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది, కర్పూరం దాదాపు కరగదు. నూనె జిడ్డు లేని గాజుగిన్నెలో నీళ్లు పోసి ఆవగింజంత పలుకు వెయ్యండి. కర్పూరమైతే తేలుతూ గిరగిరా తిరుగుతుంది. బట్టల మధ్య పెట్టే ఉండల నాఫ్తలీన్ మునుగుతుంది, మైనం తేలినా కదలదు. వేలి జిడ్డు తగిలినా కర్పూరం ఆగిపోతుంది, గిన్నె సబ్బుతో తోమి సబ్బంతా పోయేలా కడగాలి. అయితే ఇది కర్పూరమా కాదా అన్నదే తేలుస్తుంది. చెట్టుదా పైన్‌దా అని చెప్పదు. ఆ తేడా కంటికీ ముక్కుకీ అందుతుందని కొట్టువాళ్లు చెబితే నమ్మకండి.

పటమట_పాఠకుడు:
భీమసేని సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆయుర్వేదం కర్పూరాన్ని పక్వ (వేడితో తీసింది), అపక్వ (వేడి లేకుండా దొరికింది) అని రెండుగా విడదీసి అపక్వాన్నే మేలన్నది. సుమత్రా, బోర్నియో అడవుల్లోని డ్రయోబలనాప్స్ చెట్ల కాండంలో పలుకులుగా దొరికేది ఆ పాత సరుకు, అందులో ఉండేది బోర్నియోల్. ఈ కొట్లలో ఆ పేరుతో అమ్మేదాన్ని పరీక్ష లేకుండా అదేనని ఎలా నమ్మాలి?

బ్రాడీపేట_కెమిస్ట్రీ:
ఆ విషయంలో మీతోనే ఉన్నాను. అయితే చెట్టుదంటే మేలైనదన్న లెక్క కూడా తప్పు. కర్పూరం చెట్టు చెక్కను ఆవిరి పట్టినప్పుడు వచ్చే ముడినూనెలో సాఫ్రోల్ ఉంటుంది, జంతువుల్లో కాన్సర్ తెచ్చిన పదార్థం. శుద్ధి సరిగా లేకపోతే చెట్టు సరుకే ఎక్కువ ప్రమాదం.

అరండల్‌పేట_వాసి:
లడ్డూలో, చక్రపొంగలిలో వేసే పచ్చకర్పూరం సంగతి?

కృష్ణలంక:
ఆహారానికని స్పష్టంగా రాసిన ప్యాకెటే కొనండి. హారతి బిళ్ల గిన్నెలో వెయ్యొద్దు. కిలో పొంగలికి బియ్యపుగింజంత చాలు, అదీ పాలలోనో నేతిలోనో నలిపి కలపాలి. పలుకు అలాగే వేస్తే ఒకరి ముద్దలోకే మొత్తం పోతుంది. పసిపిల్లలు ఒక గ్రాము మింగినా ప్రాణం మీదికి రావచ్చు, నిమిషాల్లోనే ఫిట్స్ మొదలుకావచ్చు. అలా జరిగితే వాంతి చేయించొద్దు, ప్యాకెట్ పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. చెట్టుదైనా ఫ్యాక్టరీదైనా ఈ విషయంలో తేడా లేదు.

పటమట_పాఠకుడు:
సరే, నా మాట కాస్త మారుస్తాను. జీవమూలం కాదనను. కానీ ప్యాకెట్ మీద ‘పైన్ టర్పెంటైన్ నుంచి తయారైంది’ అని రాయాలి. కర్పూరం చెట్టు బొమ్మ వేసి అమ్మేవాళ్లు భ్రమణం విలువ కూడా అచ్చువెయ్యాలి.