ప్రేయర్‌లో చేతులు జోడించలేదని పాపని పక్కన నిలబెడుతున్నారు, రూల్ ఏంటి అసలు?

హూడి అమ్మ:
బెంగుళూరులో హూడి దగ్గర ఉంటున్నాం, మాది గుంటూరు వైపు క్రిస్టియన్ ఫ్యామిలీ. పాప నాలుగో క్లాసు, ఒక ట్రస్టు వాళ్ళ ప్రైవేట్ సీబీఎస్ఈ స్కూలు. పొద్దున అసెంబ్లీలో సరస్వతీ శ్లోకం, గురుబ్రహ్మ, తర్వాత నాడగీతె (కర్ణాటక రాష్ట్రగీతం), జనగణమన. పాప అన్నిటికీ బుద్ధిగా నిలబడుతుంది, మిగతావి పాడుతుంది, శ్లోకాలప్పుడు మాత్రం చేతులు జోడించదు, నోరు మెదపదు, అంతే. ఈ టర్మ్ కొత్తగా వచ్చిన మిస్ తనని లైన్లోంచి తీసి స్టేజి పక్కన మైకు స్టాండు దగ్గర అందరికీ కనపడేలా నిలబెడుతోంది. రాత్రి పడుకునే ముందే అడుగుతోంది, అమ్మా రేపు అసెంబ్లీ అయిపోయాక వెళ్తా, లేట్ స్లిప్ తీసుకుంటా అని. మా ఆయనేమో సీటు దొరకడమే కష్టమైంది అడ్జస్ట్ అయిపోదాం అంటారు, డల్లాస్‌లో ఉన్న మా మరిది అమెరికాలో అయితే స్కూల్లో ప్రేయరే నిషేధం వదినా కేసు వేసేయొచ్చు అంటాడు. మన రాజ్యాంగంలో దీనికేమైనా ఉందా? స్కూలుకెళ్ళి ఏం మాట్లాడాలో తెలియట్లేదు.

నెల్లూరు కుర్రాడు:
అక్కా, మేము హిందువులం, నేను పదో క్లాసు దాకా కాన్వెంట్లోనే చదివా. రోజూ పరలోకమందున్న మా తండ్రీ అని చెప్పేవాళ్ళం, శనివారం ఇంట్లో వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టేవాళ్ళం, ఏం కాలేదు. రెండు శ్లోకాలు చెప్తే మతం మారిపోదు కదా, పిల్లల్ని మనమే వేరు చేస్తున్నామేమో అనిపిస్తుంది. కానీ స్టేజి పక్కన నిలబెట్టడం మాత్రం చాలా తప్పు.

సివిల్ కోర్టు ప్లీడరు:
మేడమ్, ఆర్టికల్ 28 చూడండి. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే స్కూల్లో మతబోధ ఉండకూడదని 28(1), అది మీకు వర్తించదు. మీకు కావాల్సింది 28(3). ప్రభుత్వ గుర్తింపు ఉన్నా, ఎయిడ్ తీసుకుంటున్నా, ఆ స్కూల్లో ఎవర్నీ సమ్మతి లేకుండా మతబోధకి గానీ ఆరాధనకి గానీ రమ్మని బలవంతపెట్టకూడదు, మైనర్ అయితే గార్డియన్ సమ్మతి కావాలి. అంటే వద్దు మొర్రో అని మీరు వెళ్ళి మొత్తుకోవాల్సిన పని లేదు, ముందుగా మీ సమ్మతి ఉండాలి. అడ్మిషన్ ఫారంలో అలాంటి లైను ఏమైనా ఉందేమో చూసుకోండి. పైన తమ్ముడు చెప్పిన కాన్వెంటుకీ ఇదే రూలు, మైనారిటీ స్కూలైనా తప్పదు.

శ్లోకం ఆరాధన కాదు సంస్కారం అంటారు స్కూలు వాళ్ళు. అది తీసిపారేసే వాదనేం కాదు. కేంద్రీయ విద్యాలయాల్లో అసతోమా సద్గమయ మీద ఒక లాయరు సుప్రీంకోర్టుకి వెళ్తే, సుప్రీంకోర్టు చిహ్నంలో ఉన్న యతో ధర్మస్తతో జయః కూడా మహాభారతంలోదేగా అని ప్రభుత్వం తరఫున అన్నారు, 2019 జనవరిలో జస్టిస్ నారిమన్ బెంచ్ దాన్ని రాజ్యాంగ ధర్మాసనం తేల్చాలని పైకి పంపింది.

మీరు అంత దూరం పోనక్కర్లేదు, 1986 బిజో ఇమ్మాన్యుయేల్ కేసు చాలు. కేరళలో ముగ్గురు పిల్లలు, యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ వాళ్ళు, జనగణమనకి మర్యాదగా నిలబడేవాళ్ళు కానీ పాడేవాళ్ళు కాదు, స్కూల్లోంచి తీసేశారు. తిరిగి చేర్చుకోమని సుప్రీంకోర్టులో తీర్పు రాసింది జస్టిస్ చిన్నప్పరెడ్డి గారు, మన తెలుగాయనే. జాతీయగీతానికే నోరు మెదపకుండా నిలబడే హక్కుంటే శ్లోకానికి లేకుండా ఎలా పోతుంది? పైగా అందరి ముందు రోజూ అలా నిలబెట్టడం విద్యాహక్కు చట్టం సెక్షన్ 17లో చెప్పిన మానసిక వేధింపు కిందికి వస్తుందని గట్టిగా అడగొచ్చు.

టెక్సస్ నుంచి వచ్చేసినవాణ్ణి:
మీ మరిది గారు చెప్పింది సగమే కరెక్ట్. అక్కడ పిల్లలు ప్రార్థించుకోవడం నిషేధం కాదు, ప్రభుత్వం చేయించకూడదు, అదీ పబ్లిక్ స్కూల్లో, అంటే అక్కడి ప్రభుత్వ స్కూల్లో. న్యూయార్క్‌లో రాష్ట్రం వాళ్ళే 22 పదాల ప్రార్థన రాసిచ్చారు, ఏ ఒక్క మతం పేరూ లేదు, ఇష్టం లేనివాళ్ళు చెప్పక్కర్లేదు, అయినా చెల్లదని 1962లో ఎంగెల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. నాకు బాగా గుర్తుండేది 1992 నాటి లీ వర్సెస్ వైస్‌మన్. యూదుల అమ్మాయి, గ్రాడ్యుయేషన్‌లో ప్రార్థన చేసిందీ యూదుల మతగురువు రబ్బీనే, తమ మతమే అయినా తండ్రి కోర్టుకెళ్ళాడు. ఊరికే లేచి నిలబడితే చాలన్నా, తోటివాళ్ళంతా చూస్తుంటే ఆ వయసు పిల్లలకి అది బలవంతమేనని 5-4తో తీర్పు. మైకు స్టాండు దగ్గర నిలబడ్డ మీ పాప సంగతి చదవగానే నాకు అదే తట్టింది. 2022లో మాత్రం గాలి మళ్ళింది, మ్యాచ్ అయ్యాక గ్రౌండ్ మధ్యలో మోకరించిన ఫుట్‌బాల్ కోచ్ వైపు 6-3తో తీర్పిచ్చారు, టీమ్‌లో చోటు పోతుందేమో అనుకునే పిల్లాడు కోచ్ పక్కన మోకరించకుండా ఉంటాడా అనేది నా బాధ.

ఇంకోటి, అక్కడ ఈ తీర్పులేవీ ప్రైవేట్ స్కూళ్ళని తాకవు, మన 28(3) తాకుతుంది. డల్లాస్‌లో ప్రైవేట్ స్కూల్లో ఉంటే మీకు ఈ పాటి ఆధారం కూడా ఉండేది కాదు.

హూడి అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. ఫారం తీసి చూశాను, స్కూల్ నియమాలకి కట్టుబడి ఉంటాం అని ఒక లైనుంది, ప్రేయర్ మాట ఎక్కడా లేదు. అది సమ్మతి కింద లెక్కా?

నెల్లూరు కుర్రాడు:
వేరే రూములో కూర్చోబెట్టండి అని మాత్రం అడగొద్దక్కా, మళ్ళీ పాపే ఒంటరిదవుతుంది. తన లైన్లో తనని మామూలుగా నిలబడనివ్వమనండి.

సివిల్ కోర్టు ప్లీడరు:
తమ్ముడు చెప్పినట్టే రాయండి. ఆ లైను సమ్మతి అని వాళ్ళు వాదించొచ్చు, నా దృష్టిలో అది చాలదు, ఏదైనా ఇప్పుడు మీరు సమ్మతి ఇవ్వట్లేదని రాసిస్తే ఆ పేచీ ఉండదు. ప్రిన్సిపాల్ పేరున ఒక పేజీ, మిస్ మీద కంప్లయింట్‌లా వద్దు, 28(3) నంబరు మాత్రం వెయ్యండి. ఆఫీసులో ఇచ్చి మీ కాపీ మీద తేదీతో సీలు వేయించుకోండి, నోటిమాటగా సరే అంటే వచ్చేయకండి.