దయ్యాలు వదిలించే ఫాదర్లు నిజంగా ఏం చేస్తారు?

ప్రశ్న: సినిమాల్లో మంచం గాల్లో తేలడం, తల గిర్రున తిరగడం చూసి అడుగుతున్నా. ఏ ఫాదరైనా ఈ పని చేసేయొచ్చా?

జవాబు: లేదండీ. క్యాథలిక్ చర్చి చట్టం 1172వ నిబంధన ప్రకారం బిషప్ ప్రత్యేకంగా అనుమతివ్వాలి.

ఇంకో జవాబు: నాకు ఈ విషయం మీద పిచ్చి, దయ్యాలు వదిలించడంలో పేరుపడ్డ ఇటలీ ఫాదర్ గాబ్రియేలె అమోర్త్ వల్ల పట్టింది. 1986లో రోమ్‌లో ఆయనకు ఈ బాధ్యత అప్పగించేసరికి అరవై దాటాయి. ఆ వయసులో ఫాదర్ కాందిదో అమాంతీని దగ్గర శిష్యరికం! సరంజామా ఏముందనుకున్నారు? సిలువ, తీర్థం, ఊదారంగు స్టోలు (ఫాదర్లు మెడలో వేసుకునే పొడవాటి పట్టీ). స్టోలు కొస ఎదుటి మనిషి భుజమ్మీద వేసి, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చదవడమే. ఒక్కరోజులో తేలదు, కొందరు ఏళ్ల తరబడి వచ్చేవారు. వేలకు వేలసార్లు దయ్యాలు వదిలించానని ఆయన చెప్పిన లెక్క ప్రార్థనలదే, మనుషులది కాదు. నేనూ మొదట్లో బోల్తాపడ్డా.

ప్రశ్న అడిగినవారు: మరి అది జబ్బయితే?

ఇంకో జవాబు: అందుకే ముందు డాక్టర్ల మాట వినాలి. చర్చివారి 1614 నాటి పాత ప్రార్థనా విధానంలోనూ తొందరపడి దయ్యమని నమ్మొద్దనే ఉంది. తన దగ్గరికొచ్చినవాళ్లలో నిజంగా పట్టినవాళ్లు బహు తక్కువని అమోర్తే అనేవారు.