ఎన్నికలయ్యేదాకా విరాళాల మాట ఎత్తకూడదా?

తాండవ ఒడ్డు (చర్చ మొదలుపెట్టినవారు):
మాది తుని దగ్గర. చాలా ఏళ్లుగా ఒకటే జెండా మోస్తున్నాను. ఏ జెండా అన్నది రాయను, రాస్తే చర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మొన్న మా మండలం కార్యకర్తల మీటింగులో ఎలక్టోరల్ బాండ్ల మాట ఎత్తాను, అదే, పేరు బయటపడకుండా పార్టీలకి విరాళం ఇవ్వడానికి స్టేట్ బ్యాంకు అమ్మిన కాగితాలు. ఈ 2024 మార్చిలో స్టేట్ బ్యాంకు ఇచ్చిన లెక్కలన్నీ ఎన్నికల సంఘం బయటపెట్టింది కదా. మనకి ఇచ్చిన కంపెనీలు ఏవి, వాటికి మన రాష్ట్రంలో ఏ పనులున్నాయి, ఇంటింటికీ తిరిగేటప్పుడు జనం అడిగితే ఏం చెప్పమంటారు అన్నాను. అడిగింది అంతే. స్టేజీ మీదున్న పెద్దాయన మైకు అందుకుని, పోలింగు జరిగే మే 13 దాకా అందరం ఒక్క మాట మీద నిలబడాలి, ఇలాంటి ప్రశ్నలు అవతలివాళ్ల చేతికి కర్ర ఇచ్చినట్టే అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. బయటికొచ్చాక ఇద్దరు ముగ్గురు పక్కకి పిలిచి, అడిగింది మంచిదే గానీ ఇక్కడ కాదు తమ్ముడూ అన్నారు.

నన్ను నిద్రపోనివ్వనిది ఇదీ. హైదరాబాద్ మేఘా ఇంజనీరింగ్ 966 కోట్ల బాండ్లు కొంది, కొన్నవాళ్లలో దేశంలోనే రెండో స్థానం. ఆ కంపెనీ బాండ్లు వైఎస్సార్‌సీపీకి సుమారు 37 కోట్లు, తెలుగుదేశానికి సుమారు 28 కోట్లు వెళ్లాయి. మా ఊళ్లో ఈ రెండు పార్టీల వాళ్లం ఒకరింట్లో పెళ్లికి ఇంకొకరం వెళ్లడం మానేశాం. ఫ్లెక్సీలు చింపారని స్టేషన్ దాకా వెళ్లాం. కింద మేం కొట్టుకుంటున్నాం, పైన ఇచ్చే చెయ్యి ఇద్దరికీ ఒకటే. మరి ఐక్యంగా ఉండమని చెబుతున్నది ఎవరి కోసం?

నల్లమల గాలి:
అన్నా, నువ్వడిగింది తప్పని నేననను. అడిగిన టైము తప్పు. బూతులో పార్టీ ఏజెంటుగా కూర్చున్నోణ్ణి కాబట్టి చెప్తాండా.

పోలింగు రోజు ఇంకా చీకటుండగానే బూతుకి పోవాల. అసలు ఓటింగుకు ముందు మిషన్ పరీక్షకి పెట్టే మాక్ పోల్‌లో కనీసం 50 ఓట్లు ఏసి, లెక్క సరిపోయిందా లేదా చూసి, మిషన్ క్లియర్ చేసినాకనే సంతకం పెట్టాల. సీళ్ల మీద నంబర్లు రాసుకోవాల. ఓటర్ల లిస్టు ముందర పెట్టుకోని వచ్చిన ప్రతి మనిషికీ టిక్కు కొట్టుకుంటా పోవాల. సాయంత్రం, పడిన ఓట్ల లెక్కుండే 17సీ ఫారం కాపీ చేతికొచ్చేదాకా కుర్చీ ఇడవకూడదు. ఎండాకాలం, ఫ్యాను ఉంటే ఉంటాది లేకుంటే లేదు. ఈ పని చేసే పిల్లోడిని అక్కడ కూర్చోబెట్టేది మా పార్టీ మంచిదనే నమ్మకమొక్కటే. నామినేషన్లు మొదలయ్యే వారంలో నువ్వు ఆ నమ్మకాన్ని కదిలిస్తే మధ్యాన్నానికి వాడు లేచి ఇంటికి పోతాడు. అవతలి పార్టీ ఏజెంటు మాత్రం కూర్చునే ఉంటాడు.

ఇంకొక మాట. కంపెనీల డబ్బు వద్దంటే పార్టీ దగ్గర డబ్బుండదు. అప్పుడు టికెట్టు ఎవరికి పోతాది? సొంతంగా కోట్లు పెట్టుకోగలిగినోడికి. కాంట్రాక్టరు నుంచి విరాళం వద్దని, కాంట్రాక్టరునే ఎమ్మెల్యే చేసుకుంటామా?

ఓరుగల్లు బిడ్డ:
నల్లమల అన్నా, ఏ టైముల అడిగితే తప్పు కాదో నువ్వే చెప్పు. అధికారంల ఉన్నప్పుడు అడిగితే సర్కారుకు చెడ్డపేరు అంటరు. ఎన్నికలప్పుడు అడిగితే ఐక్యత దెబ్బతింటది అంటరు. ఓడిపోయినంక అడిగితే పుండు మీద కారం చల్లకు అంటరు. ఏ పార్టీల చూసినా ఇదే ముచ్చట.

మా దిక్కు లెక్క చూడు. బీఆర్ఎస్‌కు బాండ్ల ద్వారా వచ్చింది సుమారు 1,214 కోట్లు. బీజేపీ, తృణమూల్, కాంగ్రెస్ తర్వాత దేశంల నాలుగో స్థానం. 17 ఎంపీ సీట్లున్న రాష్ట్రంల పార్టీ అది. బీజేపీకి 6,060 కోట్లు, కాంగ్రెస్‌కు 1,421 కోట్లు. పైన చెప్పిన మేఘా బాండ్లల్ల బీజేపీకి సుమారు 584 కోట్లు, బీఆర్ఎస్‌కు 195 కోట్లు పోయినయి. ఆ రెండు పార్టీలు మా దగ్గర ఒకరి మీద ఒకరు నిప్పులు పోసుకున్న రోజులే అవి.

లెక్కల పద్దు:
కంపెనీల ఆడిట్ నా వృత్తి. ఇక్కడ కోపం చాలా ఉంది గానీ ఏ తలుపు ఎప్పుడు తెరిచారో ఎవరూ చెప్పడం లేదు, అది చెబుతాను.

1969లో ఇందిరాగాంధీ ప్రభుత్వం కంపెనీ విరాళాలను పూర్తిగా నిషేధించింది. 1985లో రాజీవ్ గాంధీ హయాంలో పరిమితి పెట్టి మళ్లీ అనుమతించారు. 2013 కంపెనీల చట్టంలో ఆ పరిమితి, వెనకటి మూడేళ్ల సగటు నికర లాభంలో ఏడున్నర శాతం. నష్టాల్లో ఉన్న కంపెనీ ఇవ్వలేదన్నమాట. 2017 ఆర్థిక చట్టం ఆ ఏడున్నర శాతాన్నీ తీసేసింది, ఏ పార్టీకి ఇచ్చామో ఖాతాల్లో చూపాలన్న షరతునూ తీసేసింది. ఆ పైన బాండ్లు వచ్చాయి. కరెన్సీ నోటులా ఉండే కాగితం, వెయ్యి రూపాయల నుంచి కోటి దాకా, 15 రోజుల గడువు. కొన్నవారి పేరుండదు, పుచ్చుకునేవారి పేరుండదు. మామూలు వెలుతురులో కనపడని ఒక నంబరు మాత్రం ఉంటుంది, అల్ట్రావయొలెట్ లైటు కింద పెడితే మెరుస్తుంది. 2018లోనే ఒక జర్నలిస్టు వెయ్యి రూపాయల బాండ్లు కొని ల్యాబులో పరీక్ష చేయించి ఆ సంగతి బయటపెట్టారు. ఆ నంబర్ల జాబితా ఈ మార్చి 21న బయటికొచ్చింది కాబట్టే ఎవరిది ఎవరికి చేరిందో మనం ఇవాళ మాట్లాడుకోగలుగుతున్నాం.

ఈ ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ పథకాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. అందులో అందరూ చదవాల్సిన భాగం ఒకటుంది. కంపెనీ ఇచ్చే విరాళం వ్యాపార లావాదేవీ, బదులుగా లాభం ఆశించి ఇచ్చేది, దాన్ని పౌరుడిచ్చే చందాతో ఒకే గాటన కట్టకూడదు అని కోర్టు అంది.

నల్లమల గారు అడిగిన చివరి ప్రశ్నకి చట్టంలో ఒక వింత జవాబుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఎ సెక్షన్ ప్రకారం, సొంత పేరు మీద రాష్ట్ర ప్రభుత్వ పని కాంట్రాక్టు నడుస్తున్న మనిషి అసెంబ్లీకి పోటీ చెయ్యకూడదు. ఊళ్లో సిమెంటు రోడ్డు పని చేస్తున్న చిన్న కాంట్రాక్టరు కూడా నామినేషన్ వెయ్యాలంటే ముందు ఆ పని వదులుకోవాలి. వేల కోట్ల ప్రాజెక్టు కడుతున్న కంపెనీ మాత్రం ఆ రాష్ట్రాన్ని పాలించే పార్టీకి చెక్కు రాయవచ్చు. పైగా ఆదాయపు పన్ను చట్టం కింద ఆ మొత్తాన్ని పన్ను కట్టాల్సిన ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు.

తాండవ ఒడ్డు:
9ఎ సంగతి నాకు తెలీదండీ. ఇన్నాళ్లూ పార్టీలో తిరిగినా ఎవరూ చెప్పలేదు. ఇది చదివాక నా ప్రశ్న ఇంకాస్త పదునెక్కింది.

డాలస్ నుంచి:
మా దగ్గరి అనుభవం ఒకటి చెబుతా, పనికొస్తే తీసుకోండి. ఇక్కడ అమెరికాలో 2016లో బెర్నీ శాండర్స్ డెమోక్రాటిక్ పార్టీలో అధ్యక్ష అభ్యర్థిత్వానికి హిల్లరీ క్లింటన్ మీద పోటీ పడ్డప్పుడు ఆయన ప్రధాన విమర్శ వాల్‌స్ట్రీట్ డబ్బు, అంటే పెద్ద బ్యాంకుల డబ్బు గురించే. చిన్న చందాలతోనే ప్రచారం నడిపాడు, సగటు చందా 27 డాలర్లని ప్రతి సభలో చెప్పేవాడు. ఓడిపోతానని తేలాక వెంటనే చేతులు కలపలేదు. ముందు పార్టీ విధాన పత్రంలో తను అడిగినవి కొన్ని రాయించుకున్నాడు, గంటకు 15 డాలర్ల కనీస వేతనం వాటిలో ఒకటి. ఆ తర్వాతే జూలై 12న పోర్ట్స్‌మత్‌లో క్లింటన్ పక్కన నిలబడి మద్దతు ప్రకటించాడు. ఐక్యత వద్దనలేదు, దానికి ఒక రేటు కట్టాడు.

లెక్కల పద్దు గారు చెప్పినదానికి తోడు ఇంకొకటి. జాతీయ ప్రభుత్వంతో కాంట్రాక్టున్న కంపెనీ ఇక్కడ జాతీయ ఎన్నికల్లో విరాళం ఇవ్వకూడదు, 1940 నుంచీ ఆ నిషేధం ఉంది. అలాగని ఇక్కడేదో రామరాజ్యం ఉందనుకోవద్దు. 2010లో సుప్రీంకోర్టు సిటిజన్స్ యునైటెడ్ తీర్పుతో కంపెనీలు పార్టీతో సంబంధం లేకుండా విడిగా ఎంతైనా ఖర్చు పెట్టుకునే దారి తెరుచుకుంది. అయినా పని ఇచ్చేవాడికి పని తీసుకునేవాడు డబ్బులివ్వకూడదన్న నియమం మాత్రం నిలిచింది.

నల్లమల గాలి:
శాండర్స్ సంగతి బాగుంది గానీ, ఆ ఎన్నికల్లో పార్టీ గెలిచిందా? ఫిలడెల్ఫియా మహాసభలో ఆయన మనుషులే హిల్లరీ పేరు ఎత్తితే అరిసి గోల చేసినారు. నవంబరులో ట్రంప్ వచ్చినాడు. అట్లాంటి రోజు ఇక్కడ వద్దనే కదా నేను మొత్తుకుంటాండేది.

డాలస్ నుంచి:
ఆ ఓటమికి కారణం శాండర్సే అని ఇక్కడ ఇప్పటికీ కొట్టుకుంటారు అన్నా. ప్రశ్న అడిగినందుకు ఓడారా, జవాబు లేనందుకు ఓడారా? గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకులో హిల్లరీ చేసిన ప్రసంగాల పాఠం బయటపెట్టమని ప్రైమరీల్లోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే పోటీలోనే అడిగారు. అప్పుడే బయటపెట్టి ఉంటే అక్టోబరులో రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ సైటు బయటపెట్టేదాకా వచ్చేది కాదని నా నమ్మకం.

పొదుపక్క:
మీరంతా పెద్ద పెద్ద లెక్కలు చెబుతున్నారు. మా సంఘంలో నెలనెలా కట్టే పొదుపు డబ్బులకి మినిట్స్ పుస్తకం ఉంది. ఎవరు ఎంత కట్టారు, అప్పు ఎవరికిచ్చాం, అందరి ముందూ చదివి సంతకాలు పెట్టిస్తాం. సంతకం పెట్టించినందుకు మా సంఘం ఎప్పుడూ చీలలేదు. చదవని నెలల్లోనే గొడవలొచ్చాయి. మీటింగులకి మమ్మల్ని లారీలు, బస్సులు పెట్టి తీసుకెళ్తారు కదా, ఆ బస్సు డీజిలు డబ్బు ఎవరిచ్చారో అడిగితే మాత్రం ఐక్యత చెడుతుందా? తుని తమ్ముడూ, నువ్వు అడిగింది సరైనదే.

ఓరుగల్లు బిడ్డ:
అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

తాండవ ఒడ్డు:
నల్లమల అన్నా, నేను పార్టీ వదిలి పోవడం లేదు. మే 13న మా బూతులో నేనే కూర్చుంటాను, 17సీ తీసుకునే లేస్తాను. అందులో నీకు అనుమానం వద్దు. అయితే నువ్వు చెప్పిన నమ్మకం ఉంది చూడు, దాన్ని నా ప్రశ్న కదిలించదు. టీవీలో బాండ్ల లిస్టు చూసి ఇంటికొచ్చిన మా ఏజెంటు కుర్రాడికి పార్టీ నుంచి ఒక్క మాట జవాబు రాకపోవడం కదిలిస్తుంది. వాడు నన్ను అడిగాడు. నా దగ్గర జవాబు లేకే నేను మీటింగులో అడిగాను.

కంపెనీల డబ్బు అసలే వద్దంటే టికెట్లు డబ్బున్నవాళ్లకే పోతాయన్న నీ భయం నాకూ ఉంది. అందుకని అంత పెద్దది అడగను. మేనిఫెస్టోలు ఇంకా రాలేదు. ఒక్క వాక్యం రాయించాలి: రాష్ట్ర ప్రభుత్వ పనులు చేస్తున్న కంపెనీ నుంచి, దాని అనుబంధ కంపెనీల నుంచి పార్టీ విరాళం తీసుకోదు. మా పార్టీలో మేం అడుగుతాం. అవతలి పార్టీలో మా ఊరివాళ్లు అడగాలి. ఇద్దరూ ఒకేసారి ఒప్పుకుంటే ఇవతలివాళ్లకి డబ్బు తక్కువైందన్న భయమే ఉండదు.

లెక్కల పద్దు:
ఆ వాక్యంలో ఒక రంధ్రం ఉంది, పూడ్చండి. ఎలక్టోరల్ ట్రస్టులని 2013 నుంచి ఉన్నాయి. కంపెనీలు ట్రస్టుకి ఇస్తాయి, ట్రస్టు పార్టీలకి పంచుతుంది. బాండ్లు పోయాయి కాబట్టి డబ్బు ఇక ఆ దారి పడుతుంది. ఇచ్చిన కంపెనీల పేర్లూ, పుచ్చుకున్న పార్టీల పేర్లూ ట్రస్టు చెప్పాలి గానీ, ఎవరిది ఎవరికి వెళ్లిందో విడదీసి చూడటం చాలాసార్లు కుదరదు. కాబట్టి ట్రస్టుల ద్వారా వచ్చేది కూడా అని రాయండి. డైరెక్టర్లు సొంత పేరు మీద ఇచ్చేదీ చేర్చండి.

అభ్యర్థి ఖర్చుకి అసెంబ్లీకి 40 లక్షలు, పార్లమెంటుకి 95 లక్షలు పరిమితి ఉంది. పార్టీ ఖర్చుకి పరిమితే లేదు. ఫలితాలొచ్చిన 30 రోజుల్లో అభ్యర్థి లెక్క ఇవ్వాలి. పార్టీ లెక్కకి అసెంబ్లీ ఎన్నికలైతే 75 రోజులు, లోక్‌సభ అయితే 90 రోజుల గడువు. ఆ కాగితాలు ఎవరైనా చూడొచ్చు. మీ మండలంలో ఒక్కరైనా ఇంతవరకూ చూశారా?

నల్లమల గాలి:
ట్రస్టుల సంగతి ఎత్తినాక నాకు ఇంకా భయమయితాంది. మనం వాక్యం రాయిస్తాం, వాళ్లు నాలుగో దారి వెతుక్కుంటారు. అయినా సరే, నీ కాగితం నాకు పంపు అన్నా. మా దిక్కు నుంచి సంతకాలు నేను తెస్తా. కానీ పోలింగు అయిపోయినాక.

ఓరుగల్లు బిడ్డ:
మేనిఫెస్టో అచ్చయినంక సంతకాలు ఏం జేస్కుంటవ్ అన్నా?

తాండవ ఒడ్డు:
నేను ఆగడం లేదు. ఈ వారమే మా జిల్లా ఆఫీసులో ఇస్తున్నాను, మీటింగు బయట నన్ను పక్కకి పిలిచిన ఆ ఇద్దరు ముగ్గురూ సంతకం పెడతామన్నారు. ట్రస్టులు, డైరెక్టర్లు చేర్చి రాశాను:

"రాష్ట్ర ప్రభుత్వంతో కాంట్రాక్టు నడుస్తున్న ఏ కంపెనీ నుంచీ, దాని అనుబంధ సంస్థల నుంచీ, డైరెక్టర్ల నుంచీ, ఎలక్టోరల్ ట్రస్టు ద్వారా అయినా సరే, పార్టీ విరాళం తీసుకోదు. ఇప్పటిదాకా తీసుకున్నవాటి జాబితాను, ఆ కంపెనీలకు రాష్ట్రంలో ఉన్న పనుల వివరాలతో సహా, ప్రతి మండల కార్యాలయంలో గోడకి అంటిస్తుంది."

నల్లమల అన్నా, అడ్రసు పంపు. కాపీ పోస్టులో వేస్తాను.