బొలెరో పికప్ మీద క్యాంపర్ పెట్టె ఎక్కించాలంటే ముందు బండికి ఏం చేయించాలి?

ప్రశ్న: ఉలవపాడు నుంచి

అన్నలందరికీ నమస్కారం. మాకు సముద్రం వైపు రొయ్యల చెరువులున్నాయి. 1.7 టన్నుల బొలెరో పికప్ ఉంది, పసుపు బోర్డు. మేత బస్తాలు, ఐసు, పట్టుబడి రోజు క్రేట్లు అన్నీ దాని మీదే తిరుగుతాయి. పట్టుబడి దగ్గరపడ్డాక రాత్రిళ్లు గట్టు మీదే ఉండాలి. కరెంటు పోయి ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే తెల్లారేసరికి రొయ్య మొత్తం తేలిపోతుంది. ఆ రేకుల షెడ్డులో ఇక నాన్న పడుకోలేకపోతున్నారు. అందుకని పికప్ బాడీలోకి ఎక్కించి, పనయ్యాక దించి పక్కన పెట్టుకునే క్యాంపర్ పెట్టె, అంటే పడుకోవడానికీ వండుకోవడానికీ వీలుండే చిన్న గది లాంటిది, ఒకటి చేయించాలనుకుంటున్నాం. పంటకీ పంటకీ మధ్య ఖాళీలో అదే పెట్టెతో అమ్మానాన్నలను శ్రీశైలం తీసుకెళ్లాలని కూడా ఉంది.

పెట్టె 800 కేజీల దాకా వస్తుందని చేసేవాళ్లు అంటున్నారు. మా మెకానిక్ వెనక కమాన్లకి (లీఫ్ స్ప్రింగులకి) రెండు పట్టీలు అదనంగా వేయించమంటున్నాడు. వేయించాలా? బండికి ఇంకేం చేయించాలి?

జవాబు: ఒంగోలు, బాడీ కట్టే షెడ్డు

తమ్ముడూ, పట్టీల సంగతి ఇప్పుడే తేల్చొద్దు. ముందు బండిని కాటా మీదికి తీసుకెళ్లు. డీజిల్ నిండుగా, స్టెప్నీ, జాకీ, డ్రైవరు అన్నీ ఉండాలి. మూడు తూకాలు తీయించు: మొత్తం బండి ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఒకసారి. ఆ చీటీలు దాచుకో. ఆర్‌సీలో గ్రాస్ వెహికల్ వెయిట్ అని ఉంటుంది, అంటే లోడుతో కలిపి బండి ఉండదగ్గ మొత్తం బరువు, అందులోంచి ఈ మొత్తం తీసేస్తే నీకు మిగిలేదే అసలు లోడు. ‘1.7 టన్నులు’ అనేది మోడల్ పేరు. దాన్ని నమ్ముకుని లెక్క వేయొద్దు.

ఇక 800 అని వాళ్లు చెప్పింది ఖాళీ పెట్టె అయ్యుంటుంది. నువ్వు వాడేటప్పటి బరువు వేరు. నీళ్లు లీటరుకి కేజీ, అంటే 100 లీటర్ల ట్యాంకు నింపితే 100 కేజీలు. ఇంట్లో వాడే గ్యాస్ సిలిండరులో గ్యాసే 14.2 కేజీలు, బండతో కలిపి 30కి దగ్గరగా వస్తుంది. ఇన్వర్టరుకి వాడే పెద్ద ట్యూబులార్ బ్యాటరీ 50 కేజీలు దాటుతుంది. పరుపులు, సామాన్లు, బియ్యం, చేపల పొయ్యి ఇవన్నీ కలిపితే ఇంకో వంద. 18 ఎంఎం మెరైన్ ప్లైవుడ్ ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటే 35 కేజీల పైమాట. గోడలకి అంత మందం అక్కర్లేదు. అల్యూమినియం సెక్షను ఫ్రేము వేసి, బయట ఏసీపీ షీటు (రెండు పలచటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే పలక), మధ్యలో థర్మాకోల్ పెట్టించు. రోహిణి కార్తెలో కూడా లోపల మనిషి ఉండగలడు, బరువూ తగ్గుతుంది.

జవాబు: నెల్లూరు, పికప్‌లు తిప్పే యజమాని

అదనపు పట్టీల గురించి నాకు తెలిసింది చెప్తాను. అమెరికా వీడియోల్లో క్యాంపర్ అనగానే వెనక స్ప్రింగులకి సాయంగా పెట్టే ఎయిర్ బ్యాగులు (గాలి తిత్తులు), హెల్పర్ స్ప్రింగులు అంటారు. అక్కడి పికప్‌లలో చాలావాటిని మనుషులు సుఖంగా తిరగడానికి చేస్తారు, వెనక స్ప్రింగులు మెత్తగా ఉంటాయి. మన బొలెరో సరుకు బండి. దాని కమాన్లు మొదటి నుంచే గట్టివి. వెయ్యి కేజీల లోపు పెట్టెకి అదనంగా పట్టీ వేయాల్సిన పని ఉండదు.

పైగా ఒక ప్రమాదం ఉంది. చాలా సరుకు బండ్లకి వెనక హౌసింగ్ (ఇరుసు ఉండే గొట్టం) దగ్గర లోడు చూసి బ్రేకు సర్దే వాల్వు ఉంటుంది. ఛాసిస్‌కీ హౌసింగ్‌కీ మధ్య ఒక కడ్డీ కలిపి ఉంటుంది. లోడు పడి ఛాసిస్ కిందికి దిగితే, లోడు ఉందని గ్రహించి వెనక బ్రేకులకి ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. నువ్వు పట్టీలు వేసి వెనక భాగం పైకి లేపావనుకో, లోడు ఉన్నా ఖాళీ బండి అనుకుంటుంది. వెనక బ్రేకు తగ్గిపోతుంది. శ్రీశైలం దారిలో దోర్నాల ఘాట్ దిగేటప్పుడు ఇది చాలా పెద్ద సంగతి. పట్టీలు వేసి తీరాల్సి వస్తే ఆ కడ్డీని మళ్లీ సరి చేయించాలి. చాలామంది ఆ పని చేయించరు.

పట్టీలకి పెట్టే డబ్బుతో షాకబ్జార్బర్లు, షాకిల్ బుష్‌లు (కమాను చివర ఉండే రబ్బరు బుష్‌లు) మార్పించు, కమాన్లని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు బిగింపించు. పెట్టె ఎత్తుగా ఉంటుంది కాబట్టి బండి పక్కలకి ఊగుతుంది. ఆ ఊపుని ఆపేది షాకబ్జార్బర్లూ బుష్‌లే.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్స్ అన్నా. రేపే కాటాకి వెళ్తాను. పెట్టె లోపల ప్లాను ఇలా అనుకుంటున్నాం. ముందు వైపు, అంటే క్యాబిన్ వెనక, మంచం. వెనక తలుపు దగ్గర వంటగట్టు, దాని కింద నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, సిలిండరు. తలుపు దగ్గరైతే నీళ్లు నింపుకోవడం సులువని. పెట్టె వెనక్కి ఒక అడుగున్నర బయటికి వస్తుంది. సరిపోతుందా?

జవాబు: ఒంగోలు, బాడీ కట్టే షెడ్డు

ఆ ప్లాను మార్చు. బరువున్న వస్తువులన్నీ వెనక ఇరుసుకి అవతల పెట్టావు. మొత్తం బరువు పరిమితిలోనే ఉన్నా బండి పాడైపోయేది ఇక్కడే.

లెక్క చూడు. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 3000 మిల్లీమీటర్లు అనుకుందాం. నీ బండిది టేపుతో కొలుచుకో. పెట్టె బరువు 800 కేజీలు. ఆ బరువు నడిమధ్య వెనక ఇరుసుకి 300 మిల్లీమీటర్లు ముందుంటే, ముందు చక్రాల మీద 80 కేజీలు, వెనక చక్రాల మీద 720 పడతాయి. అదే నడిమధ్య ఇరుసుకి 300 వెనక్కి జరిగితే, వెనక 880 పడుతుంది, ముందు చక్రాల మీద ఉన్న బరువులోంచి 80 కేజీలు లేచిపోతాయి. పెట్టె అదే, బండి అదే. కానీ స్టీరింగ్ తేలికైపోతుంది, తడి రోడ్డు మీద ముందు టైర్లు పట్టవు, బ్రేకు కొట్టినప్పుడు బండి మాట వినదు. తూకం వేసే త్రాసు లాంటిదే ఇదీ, ఇరుసు దాటి వెనక ఎంత పెడితే ముందు అంత లేస్తుంది.

నీళ్ల ట్యాంకు ఒక్కదాన్నే తీసుకో. ఇరుసుకి ఒక మీటరు వెనక ఉన్న 100 కేజీలను ఇరుసుకి 600 మిల్లీమీటర్లు ముందుకి తెచ్చావంటే, ముందు చక్రాలకి 50 కేజీల పైన బరువు తిరిగి వస్తుంది. ఒక్క పైసా ఖర్చు లేదు. కాబట్టి ట్యాంకు, బ్యాటరీ మంచం కింద, క్యాబిన్ వైపు పెట్టించు. నీళ్లు నింపడానికి పక్క గోడలో మూత పెడితే సరిపోతుంది. వెనక వంటగట్టు ఉండొచ్చు, గిన్నెలే కాబట్టి. సిలిండరు మాత్రం వేరే అరలో ఉండాలి. ఆ అరకి లోపలి వైపు సందు ఉండకూడదు, అడుగున బయటికి రంధ్రాలుండాలి. గ్యాసు గాలికంటే బరువు, లీకైతే కిందికే పోవాలి.

పెట్టె తయారయ్యాక నీళ్లూ సామాన్లతో నింపి, ఎక్కించి మళ్లీ కాటాకి వెళ్లు. ముందు చక్రాల తూకం మొదటి చీటీకన్నా తగ్గితే, ఇంకా సామాను ముందుకి జరపాలని అర్థం. కొత్త చీటీలో మొత్తం ఆర్‌సీ పరిమితి దాటకూడదు, వెనక తూకం వెనక ఇరుసు పరిమితినీ దాటకూడదు.

బిగింపు గురించి కూడా ఇప్పుడే చెప్పేస్తా. మన పికప్ బాడీ పక్క డోర్లకి, వాటి కొక్కేలకి పెట్టెని కట్టొద్దు. అవి తాడుతో సరుకు కట్టడానికే. నాలుగు మూలలా టర్న్‌బకిల్స్ (తిప్పి బిగించే మర కొక్కేలు) పెట్టి, ఛాసిస్‌కి బిగించిన బ్రాకెట్లకి లాగు. బ్రాకెట్లు ఛాసిస్‌లో ముందే ఉన్న రంధ్రాలకి బోల్టు వేసి బిగించాలి. ఛాసిస్ పై అంచు, కింది అంచుల మీద కొత్త రంధ్రం వేయడం గానీ వెల్డింగ్ గానీ వద్దు, అక్కడి నుంచే పగుళ్లు మొదలవుతాయి. పెట్టె కింద మందం రబ్బరు షీటు పరిచి, ముందు వైపు బాడీ గోడకి రబ్బరు ఆనేలా నెట్టి పెట్టు. సడన్ బ్రేకులో పెట్టె ముందుకి దూకకుండా ఆపేది అదే. సముద్రం గాలికి మామూలు ఇనుము ఒక వానాకాలంలో తుప్పు పడుతుంది, టర్న్‌బకిల్స్ స్టెయిన్‌లెస్ కొను. మొదటి యాభై కిలోమీటర్లకే ఆగి మళ్లీ బిగించాలి.

క్యాబిన్ పైకి మంచం రావాలనుకుంటే, టాపుకీ దానికీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉంచు. క్యాబిన్, వెనక బాడీ రోడ్డు మీద వేర్వేరుగా కదులుతాయి.

జవాబు: కావలి నుంచి

టైర్ల మాట ఎవరూ ఎత్తలేదు. సరుకు బండి సాయంత్రానికి ఖాళీ అవుతుంది, ఈ పెట్టె ఎక్కిందంటే రోజుల తరబడి టైర్ల మీదే ఉంటుంది. టైరు పక్కన లోడ్ ఇండెక్స్ అంకె చూడండి. 100 అంటే టైరుకి 800 కేజీలు, 104 అంటే 900, 108 అంటే 1000. వెనక ఇరుసు తూకాన్ని రెండుతో భాగించి, ఈ అంకెకి బాగా లోపల ఉందో లేదో చూసుకోండి. తయారైన తేదీ నాలుగంకెల్లో ఉంటుంది, 2321 అంటే 2021లో 23వ వారం. ట్రెడ్డు ఎంత ఉన్నా పక్కలు బీటలు వారితే మార్చేయండి. గాలి తెల్లవారుజామున, బండి కదలకముందు కొలిపించండి.

పెట్టె ఎక్కాక మొత్తం ఎత్తు కొలిచి డ్యాష్‌బోర్డు మీద రాసి పెట్టండి. నెల్లూరులో ఆత్మకూరు బస్టాండు దగ్గర రైలు వంతెన కింద నుంచి వెళ్లేటప్పుడు, ఊళ్లలో కరెంటు తీగల కింద, ఆ అంకె అవసరమవుతుంది. హైవే మీద సముద్రం వైపు నుంచి గాలి తోసేటప్పుడు వేగం తగ్గించండి. తుపాను హెచ్చరిక ఉంటే పెట్టెతో బయల్దేరనే వద్దు. హెడ్‌లైట్లు కూడా లోడుతో సరి చేయించండి, వెనక దిగితే వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది.

జవాబు: నెల్లూరు, పికప్‌లు తిప్పే యజమాని

కాగితాల సంగతి. బండి నడుస్తుండగా పెట్టెలో మనిషి ఉండకూడదు, అమ్మానాన్నలు క్యాబిన్‌లోనే కూర్చోవాలి. ఇందులో రాజీ లేదు, సరుకు బండి వెనక మనుషులుంటే ఇన్సూరెన్సు కూడా అడ్డం తిరుగుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అందుకే పెట్టెని శాశ్వతంగా బిగించకుండా దించేలా చేయిస్తున్నారు కదా, అది మంచిదే. అయినా పని మొదలుపెట్టకముందే ఫొటోలు, కొలతలు పట్టుకుని రవాణా శాఖ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. ఓవర్‌లోడుకి 20,000 రూపాయలు, ఆ పైన అదనపు టన్నుకి 2,000 చొప్పున జరిమానా. పరిమితి దాటి పక్కలకీ వెనక్కీ ఎత్తుకీ పొడుచుకొచ్చినా 20,000. మీరన్న అడుగున్నర గురించి ముఖ్యంగా అడగండి. నెంబరు ప్లేటు, వెనక లైట్లు పెట్టె కింద దాక్కోకూడదు. రిఫ్లెక్టర్ టేపు ముందు తెలుపు, పక్కలకి పసుపు, వెనక ఎరుపు.

ప్రశ్న అడిగినవారు

ట్యాంకూ బ్యాటరీ మంచం కిందికి మార్చేశాం, పట్టీల ఆలోచన మానేశాం. చివరిగా ఒకటి. గట్టు మీద నేల మెత్తన. అక్కడ పెట్టె దించి నాలుగు జాకీల మీద నిలబెట్టొచ్చా?

జవాబు: ఒంగోలు, బాడీ కట్టే షెడ్డు

గట్టు అంచుకి దూరంగా, మట్టి గట్టిపడ్డ చోట అయితేనే. ప్రతి జాకీ కింద రెండు అడుగుల చదరపు మందపాటి పలక వేయాలి. ఎదురెదురు జాకీల మధ్య వెడల్పు బండి చక్రాల బయటి వెడల్పుకన్నా ఎక్కువ ఉండేలా ఇప్పుడే చెప్పు, లేకపోతే బండి కింద నుంచి బయటికి రాదు. పక్క డోర్లు తీసేసి, నాలుగు జాకీలూ సమంగా కొంచెం కొంచెం ఎత్తి, బండిని మెల్లగా ముందుకి తీయి. బండి బయటికి రాగానే పెట్టెని వీలైనంత కిందికి దించి, అడుగున దుంగలు పేర్చి వాటి మీద ఆనించు. జాకీల మీద ఉన్న పెట్టెలో ఎవరూ పడుకోవద్దు. వాన పడే రోజుల్లో దించకుండా బండి మీదే ఉంచు.