ఇబాన్ పొడుగిల్లు నమూనా: పొయ్యి ఎక్కడ, స్తంభం ఏ కర్ర?

నమూనా_కిరణ్: బోర్నియో దీవిలోని సారవాక్‌లో ఉండే ఇబాన్ తెగవాళ్ల పొడుగిల్లు (ఒకే కప్పు కింద వరసగా చాలా కుటుంబాలుండే ఇల్లు) నమూనా 1:50లో కడుతున్నాం. స్తంభాలకి ఏ కర్ర? పొగ ఎటు పోతుంది? పక్కన ఉత్తర అమెరికా ఇరోక్వాయ్ తెగల పొడుగిల్లు పెడితే ఏ తేడాలు కనబడాలి?

వడ్రంగి_శ్రీను: అసలు కర్ర బెలియన్, అంటే బోర్నియో ఇనుపకర్ర. నీళ్లలో మునిగేంత బరువు, చెదలకి లొంగదు. ఊరు మారితే ఆ స్తంభాలే పీకి తీసుకెళ్లి మళ్లీ పాతేవారు. మొదలు వైపే కిందికి రావాలి, తలకిందులుగా పాతకూడదు. రంగులో కూడా మొదలు, కొస తేడా చూపించండి.

పద్మజ_గుంటూరు: పొయ్యి ఒక్కటి చాలు కదండీ. ఉమ్మడి కుటుంబమేగా.

బోర్నియో_బాషా: కాదండీ! ప్రతి చర్చలోనూ ఇదే తప్పు. ఒక్కో కుటుంబానికి ఒక బిలిక్, అంటే సొంత గది. పొయ్యి, ధాన్యం, చివరికి విత్తనపు వడ్లు కూడా ఎవరివి వాళ్లవే. కర్ర చట్రంలో మట్టి పరిచి పొయ్యి, దాని మీద కట్టెలు ఆరే అటక. కప్పులో ఒక భాగాన్ని గెడతో ఎత్తి నిలబెడితే వెలుతురు వస్తుంది, పొగ పోతుంది.

పద్మజ_గుంటూరు: మరి గదుల ముందు పొడుగునా ఉండే వసారా, రువాయ్? అందరూ నడుస్తారు, వడ్లు దంచుతారు. అది ఉమ్మడి కాదా?

బోర్నియో_బాషా: నడిచే హక్కు అందరిదీ, కట్టే బాధ్యత ఎవరిది వాళ్లదే. తన బిలిక్ ఎదుటి ముక్కలో వెదురు బద్దలు కుళ్లితే ఆ కుటుంబమే మార్చాలి. పక్కవాళ్లు కప్పు నేయకపోతే వాన మీ గోడలోకి దిగుతుంది. చివరి గదివాళ్లు విడిపోవడం తేలిక, మధ్యవాళ్లు పోతే ఇల్లే తెగుతుంది. 1949–51లో బాలే నది ఇబాన్‌ల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త ఫ్రీమన్ తేల్చిందీ ఇదే. చదివి వాదించండి.

పద్మజ_గుంటూరు: అడిగినదానికి చెబితే చాలు, గద్దించక్కర్లేదు.

వడ్రంగి_శ్రీను: రువాయ్ బయట తంజు మరవకండి. వడ్లు ఆరబోసే మంచె అది. కప్పు ఉండదు కాబట్టి ముందు పాడయ్యేది అదే.

ఒంటారియో_రావు: ఇరోక్వాయ్ సంగతి ఎవరూ ఎత్తరేం? అది నేలమీది ఇల్లు. వెడల్పూ ఎత్తూ చెరో 20 అడుగులు, పొడవు 60 నుంచి 200 దాకా. నడిమి నడవలో వరసగా నెగళ్లు, ఒక్కో నెగడుకి అటూ ఇటూ రెండు కుటుంబాలు. పద్మజ గారూ, కలిసి వాడే పొయ్యి కావాలంటే ఇక్కడుంది. ఇల్లు తల్లి వంశానిది, పెళ్లయ్యాక మగవాడే వచ్చి చేరేవాడు. గోడ ఎల్మ్ బెరడు. చెట్టులో రసం ఎక్కే వసంతంలోనే ఒలవాలి, దాటితే ముక్కలుగా చీలుతుంది. వెంటనే బరువులు పెట్టి చదును చేయకపోతే చుట్టుకుపోతుంది.

కొండగాలి: నాగాల మోరుంగ్ కూడా పెట్టండి, మన దేశానిది.

బోర్నియో_బాషా: అది కుర్రాళ్ల పడకిల్లు, అందులో కాపురాలుండవు. కలపొద్దు.

కొండగాలి: కాపురం లేకపోతే లెక్కలోకి రాదా? ఒకే మాను తొలిచి చేసిన పెద్ద డోలు ఉండేది అక్కడే. ఊరి పిలుపు దాని మీదే.

నమూనా_కిరణ్: రావు గారూ, 200 అడుగులంటే 1:50లో నాలుగడుగులు. బల్ల పట్టదు.

ఒంటారియో_రావు: 120 తీసుకోండి. చివర్లలో పదేసి అడుగులు సామాన్లకి, మధ్యలో ఇరవై అడుగులకొకటి చొప్పున అయిదు నెగళ్లు. ప్రతిదాని పైనా కప్పులో పొగ కన్నం, వానకి మూసే బెరడు పలక మరవకండి.