ఆల్సామిక్సర్‌ని కీబోర్డుతోనే నడపాలి: ఎఫ్ కీలు పనిచేయట్లేదు, మాస్టర్ ఒక్కటే కనిపిస్తోంది

నల్లతెర అడిగిన ప్రశ్న:

లినక్స్ మెషీన్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరం నుంచే లాగిన్ అయి సౌండ్ సెట్ చేయాలి. మౌస్ లేదు, టెర్మినల్ ఒక్కటే దిక్కు. టెర్మినల్‌లో నడిచే సౌండ్ కంట్రోల్ ప్రోగ్రామ్ ఆల్సామిక్సర్ తెరిస్తే మాస్టర్ (మొత్తం వాల్యూమ్) తప్ప ఇంకేం లేదు. ఎఫ్1 నొక్కితే టెర్మినల్ సొంత హెల్ప్ తెరుచుకుంటోంది. బాణాలు పనిచేస్తున్నాయి గానీ ఎమ్ నొక్కితే మ్యూట్ మారట్లేదు. హెడ్‌ఫోన్ పీకేశాక కూడా స్పీకర్ మోగట్లేదు. మైక్ లెవెల్ కూడా పెంచాలి. ఇవన్నీ రీబూట్ తర్వాత కూడా నిలవాలంటే ఏం చేయాలి?

శబ్దతరంగం:

మాస్టర్ ఒక్కటే ఉందంటే మీకు కనిపిస్తున్నది అసలు సౌండ్ కార్డు కాదండీ, దాని మీద కూర్చున్న సౌండ్ సర్వర్, అంటే ప్రోగ్రామ్‌ల శబ్దాన్ని కార్డుకి అందించే పల్స్‌ఆడియో లేదా పైప్‌వైర్. ఎఫ్6 నొక్కి లిస్టులోంచి అసలు కార్డు ఎంచుకుని ఎంటర్ కొట్టండి. స్పీకర్, హెడ్‌ఫోన్, పీసీఎమ్, మైక్ బూస్ట్ అన్నీ అప్పుడు బయటపడతాయి.

ఎఫ్ కీలను టెర్మినల్ మింగేస్తుంటే వాటికి మారు కీలున్నాయి. ఎఫ్6కి ఎస్, ఎఫ్1కి హెచ్ లేదా ప్రశ్నార్థకం, ఎఫ్2కి స్లాష్. ప్లేబ్యాక్, క్యాప్చర్, అన్నీ కలిపి అనే మూడు వ్యూలు ఎఫ్3, ఎఫ్4, ఎఫ్5. అవి అందకపోతే ట్యాబ్‌తో ఒక్కోటీ తిప్పుకోవచ్చు.

పక్క బాణాలు కంట్రోల్ మారుస్తాయి, పై కింది బాణాలు వాల్యూమ్. పేజ్‌అప్, పేజ్‌డౌన్ 5 చొప్పున. అంకె నొక్కితే నేరుగా ఆ శాతానికి పోతుంది: 7 అంటే 70, 0 అంటే పూర్తిగా సున్నా. ఎడమ ఒక్కటే పెంచాలంటే క్యూ, కుడి ఒక్కటే అయితే ఈ, రెండూ కలిపి డబ్ల్యూ. తగ్గించడానికి వాటి కిందే ఉన్న జెడ్, సి, ఎక్స్. రెండు వైపులా తేడా వస్తే బి నొక్కితే సమానమవుతుంది.

నంబర్ ప్యాడ్ మాత్రం జాగ్రత్త. నమ్‌లాక్ ఆఫ్‌లో ఉంటే అక్కడి 1 ఎండ్ కీగా పనిచేస్తుంది, ఎండ్ అంటే ఆల్సామిక్సర్‌లో వాల్యూమ్ సున్నా. 10 శాతం పెడదామనుకుంటే శబ్దమే పోతుంది.

పిట్టగోడ:

ఎమ్ సంగతి. బాణాలు పనిచేసి అక్షరాలు పనిచేయకపోతే ముందు అనుమానించాల్సింది కీబోర్డు లేఅవుట్‌ని. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఆన్‌లో ఉంటే ఆ కీ నుంచి తెలుగు అక్షరం వెళ్తుంది, ఆల్సామిక్సర్‌కి అది అక్కర్లేదు. ఇంగ్లిష్ లేఅవుట్‌కి మార్చి మళ్ళీ నొక్కండి. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో సూపర్ (విండోస్ గుర్తు కీ), స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది.

అప్పటికీ మారకపోతే వాల్యూమ్ చూపే నిలువు గీత కింద చిన్న డబ్బా ఉందో లేదో చూడండి. అందులో రెండు ఎమ్‌లుంటే మ్యూట్, రెండు సున్నాల్లాంటివి ఉంటే ఆన్. డబ్బాయే లేకపోతే ఆ కంట్రోల్‌కి మ్యూట్ స్విచ్ లేదన్నమాట. పీసీఎమ్ చాలా కార్డుల్లో అంతే.

స్పీకర్ మోగకపోవడం బహుశా ఆటో మ్యూట్ మోడ్ పనే, అంటే హెడ్‌ఫోన్ పెడితే స్పీకర్‌ని దానంతటదే ఆపేసే సెట్టింగ్. కుడి బాణంతో చివరిదాకా వెళ్తే దొరుకుతుంది. విండో ఇరుకైతే మొదట్లో కనిపించదు. దానికి గీత ఉండదు, ఎనేబుల్డ్ అన్న మాట మాత్రమే ఉంటుంది. పై కింది బాణాలతో డిసేబుల్డ్ చేసి, స్పీకర్ దగ్గరికి వచ్చి ఎమ్ నొక్కండి. హెడ్‌ఫోన్ పీకినట్టు జాక్ గుర్తించకపోతే వచ్చే తంటా ఇది. అయితే డిసేబుల్ చేశాక హెడ్‌ఫోన్ పెట్టినా స్పీకర్ మోగుతూనే ఉంటుంది, అది మీ చేత్తోనే ఆపుకోవాలి.

శబ్దతరంగం:

మైక్‌కి క్యాప్చర్ వ్యూలోకి వెళ్ళి క్యాప్చర్ మీద స్పేస్ నొక్కండి, రికార్డింగ్ ఆన్ అవుతుంది. ముందు క్యాప్చర్ పెంచండి, బూస్ట్ ఆఖరున. ఇది చాలా కార్డుల్లో 10 డెసిబెల్ మెట్లలో 30 దాకా పోతుంది. ఒక మెట్టు దాటితే గొంతుతోపాటు గది రొద, ఫ్యాన్ చప్పుడు కూడా పెరుగుతాయి. ప్లేబ్యాక్ వ్యూలో కూడా మైక్ అని ఒకటుంటుంది. అది మైక్‌ని నేరుగా స్పీకర్‌కి పంపేది. దాన్ని ఆన్ చేస్తే కీచుమని గోల మొదలవుతుంది.

రీబూట్ తర్వాత నిలవాలంటే ఎస్కేప్‌తో బయటికొచ్చి, ముందు సుడో (అడ్మిన్ హక్కులకి) పెట్టి ఆల్సాసీటీఎల్ స్టోర్ అనే కమాండ్ కొట్టండి, ఇప్పటి సెట్టింగులు సేవ్ అవుతాయి. కాకపోతే మాస్టర్, స్పీకర్ లాంటివాటిని సౌండ్ సర్వర్ లాగిన్‌లో తన లెక్క ప్రకారం తిరగరాయొచ్చు. ఆటో మ్యూట్ దాని జోలికి రాదు కాబట్టి అది సాధారణంగా నిలుస్తుంది.

కొసచివర:

రోజువారీ వాల్యూమ్‌కైతే టెర్మినల్‌లోనే నడిచే పల్స్‌మిక్సర్ అనే ఇంకో ప్రోగ్రామ్ మేలు, సౌండ్ సర్వర్‌తోనే నేరుగా మాట్లాడుతుంది. ఆటో మ్యూట్ లాంటి కార్డు లోపలి స్విచ్‌లకు మాత్రం ఆల్సామిక్సరే కావాలి.

రెండూ వాడేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: పల్స్‌మిక్సర్‌లో బాణాలు తిరగేసి ఉంటాయి. పై కింది బాణాలు కదలడానికి, పక్కవి వాల్యూమ్‌కి. షిఫ్ట్ కలిపితే 10 చొప్పున. ఎమ్ రెండింట్లోనూ మ్యూటే. 0 మాత్రం ఆల్సామిక్సర్‌లో నిశ్శబ్దం, పల్స్‌మిక్సర్‌లో 100 శాతం. హెడ్‌ఫోన్ చెవిలో ఉన్నప్పుడు ఏది తెరిచి ఉందో చూసుకుని నొక్కండి.